బుచ్చన్న వదులుకున్న ప్లేడే

ఆదివారం కార్యక్రమం చాలా తేలిక. ఎనిమిదింటికి గోదావరి అవతలి జైపూర్ నుంచి కూతురు దీప, అల్లుడు వేణుమాధవ్ వస్తారు. తొమ్మిదింటికి ఫోటోగ్రాఫర్ ఖైజర్ వస్తాడు. కంపెనీ క్వార్టర్ ముందు జామచెట్టు కింద కుర్చీలు వేసుకుని అందరూ కబుర్లు చెప్పుకుంటూ ఉంటే, అతను పక్కనుంచి ఫోటోలు తీసుకుంటాడు. ఆ తర్వాత ఉప్మా తినడమే. గోదావరిఖనిలో ఇంతకంటే సుఖమైన ఆదివారాన్ని ఎవరూ ఊహించి ఉండరు.

ఆలోచన బుచ్చన్న భార్య కనకవ్వది. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా ఆమెకు మొగుడితో సరిగ్గా దిగిన ఫోటో ఒక్కటీ లేదు. కూతురి పెళ్లి ఆల్బమ్‌లో బుచ్చన్న అసలు లేడు. ఆ పూట వంటల దగ్గర అన్నం గంజులకు కాపలా కాశాడు. మిగిలిన రెండు మూడు ఫోటోల్లో ఉన్నాడు కానీ, ఉన్నా లేనట్టే. కెమెరా కనబడితే చాలు, చేతులు తొడలకు అంటించి, ఊపిరి బిగబట్టి, గుర్తింపు కార్డు కోసం దిగుతున్నట్టు నిలబడతాడు. "నా పక్కకు నా మొగడు మనిషి లెక్క ఉన్న ఫోటో ఒక్కటి కావాలె. గంతే," అన్నది కనకవ్వ. దీప వెంటనే రంగంలోకి దిగింది. అందరూ తెల్లబట్టలు వేసుకోవాలనీ, ఎవరూ కెమెరా వైపు చూడొద్దనీ, అంతా సహజంగా ఉండాలనీ ఫోన్‌లోనే ఆజ్ఞలు జారీ చేసింది.

పెళ్లాం మాట విని బుచ్చన్న కూడా కరిగిపోయాడు. కరిగినవాడు ఊరుకోకుండా తన ప్లేడే వదులుకున్నాడు. అసలు గొడవ అక్కడ మొదలైంది.

ప్లేడే అంటే బుచ్చన్న దిగే బొగ్గుబాయిలో ఆదివారం డ్యూటీ. పేరు చూసి ఆట అనుకునేరు, పని పనే; జీతం మాత్రం రెట్టింపు. దాని వంతు కోసం సొంత అన్నదమ్ములు కూడా మాటలు మానేస్తారు. ఇక బుచ్చన్న సంగతి చెప్పేదేముంది, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా ప్లేడేకి పోయిన మనిషి. అలాంటివాడు శనివారం నాడు రేపటి ప్లేడే తనకు వద్దన్నాడు. ఎందుకని తోటి కార్మికుడు ఎల్లేశం అడిగితే, ఫోటో కోసమని చెప్పడానికి సిగ్గేసి, ఇంట్లో పనుందని నేల చూపులు చూస్తూ గొణిగాడు. నిజం చెబితే షిఫ్టంతా అతన్ని రిటైరయ్యే దాకా ఆటపట్టించేది. పాపం, దానికి భయపడ్డాడు.

ఎల్లేశం చాలా మంచివాడు. అయితే ఆలోచన ఎక్కువ. పోయిన వారం బుచ్చన్న కంపెనీ దవాఖానకు పోయివచ్చాడు. అది కార్మికులందరికీ చేసే మామూలు పరీక్షే, ఎల్లేశం కూడా చేయించుకున్నదే. అయినా ఆ దవాఖాననూ ఈ ప్లేడేనూ కలిపి చూసేసరికి అతనికి అన్నం సయించలేదు. ఆదివారం పొద్దున్నే ఒక బ్రెడ్డు పాకెట్టు పట్టుకుని బుచ్చన్న ఇంటికి బయల్దేరాడు.

గేటు దగ్గరే అతని కాళ్లు ఆగిపోయాయి. ఇంటి ముందు కుర్చీలు. ఇంటిల్లిపాదికీ తెల్లబట్టలు. మధ్యలో బుచ్చన్న కొయ్యబారి కూర్చున్నాడు. ఎదురుగా ఖైజర్ కెమెరా పట్టుకుని, "జర ఊపిరి వదులు కాకా, ఏం ఫికర్ లేదు," అని బతిమాలుతున్నాడు. ఎల్లేశం కనకవ్వను పక్కకు పిలిచి, ఏంది సంగతని మెల్లగా అడిగాడు. ఫోటో మాట ఎవరికీ చెప్పొద్దని మొగుడు గట్టిగా చెప్పి ఉన్నాడు. కెమెరా చూస్తే ఎదురుగా కనబడుతోంది. ఆమె మాత్రం ఏం చెబుతుంది?

"ఏం లేదు ఎల్లేశం. అందరం ఉన్నప్పుడే ఒక్క ఫోటో దిగాలె కదా. రేపు ఎట్లుంటదో ఎవలికెరుక," అన్నది.

ఎల్లేశం కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. బ్రెడ్డు గుండెకు హత్తుకుని, గోడ చాటుకు పోయి, బాయి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బుచ్చన్నకు బాగలేదు, ఆఖరి ఫోటో దిగుతుండు, చూసేటోళ్లు జల్ది రావాలె.

వచ్చారు. ఆపిల్ పండ్లతో వచ్చారు, గ్లూకోజు పాకెట్లతో వచ్చారు. పక్కింటి అనసూర్య కొబ్బరిబోండం తెచ్చి బుచ్చన్న నోటి దగ్గర పెట్టింది. ఒకాయన కరీంనగర్‌లో తనకు తెలిసిన పెద్ద డాక్టరు ఉన్నాడంటూ కారు మాట్లాడసాగాడు. రోగి ఎదుట రోగం మాట ఎత్తకూడదు కాబట్టి ఎవరూ ఎత్తలేదు. వచ్చినవాళ్లంతా బుచ్చన్న భుజం నిమిరి, నిట్టూర్చి, జామచెట్టు కింద నిలబడ్డారు. నాన్నకు ఇంతమంది స్నేహితులున్నారా అని దీప మురిసిపోయి, మొగుణ్ణి చాయ్ పెట్టడానికి లోపలికి పంపింది. ఫోటోలో పడకుండా కొంచెం జరగమని అందరినీ బతిమాలింది. ఎవరూ జరగలేదు.

అప్పుడు వచ్చాడు సదయ్య. రాత్రి షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా, నెత్తి నుంచి కాళ్ల దాకా బొగ్గుతో అలాగే వచ్చేశాడు. ప్లేడే వంతు దగ్గర మాటామాటా వచ్చి అతనూ బుచ్చన్నా ఎండాకాలం నుంచి మాట్లాడుకోవడం లేదు. సదయ్య నేరుగా వచ్చి బుచ్చన్నను వాటేసుకున్నాడు. తెల్లచొక్కా సగం నల్లబడింది.

"బావా, మనసుల ఏం పెట్టుకోకు. గా ప్లేడే వంతు నీదే. నేనే మొండికేసిన," అని భోరుమన్నాడు.

బోండం తెస్తే బుచ్చన్న ప్రేమ అనుకున్నాడు. ఆపిల్ పండ్లు తెస్తే మర్యాద అనుకున్నాడు. కానీ సదయ్య తప్పు ఒప్పుకున్నాడంటే తాను పోవడం ఖాయం. పరీక్ష కాగితాలు ఇంకా రానేలేదు. ఇన్నేళ్లూ ఊరుకున్న పెళ్లాం ఉన్నట్టుండి ఫోటో కావాలన్నది. కూతురు పరుగెత్తుకొచ్చింది. అంటే అందరికీ తెలుసు, తనకే తెలియదు. అతను లేచి వెళ్లి కనకవ్వ రెండు చేతులూ పట్టుకున్నాడు. నలుగురి ముందు పెళ్లాం చెయ్యి పట్టుకోవడం అతనికి పెళ్లిపీటల తర్వాత అదే మొదటిసారి.

"నాకు చెప్పకుంట నువ్వొక్కదానివే మోస్తున్నవా కనకా? గిన్నేండ్లు బాయిల దిగిన, ఒక్కనాడు భయపడలే. పైకొస్తే ఇంట్ల నువ్వుంటవనే దిగిన. ఇప్పుడు నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె?"

ఈ మనిషి అన్నేసి మాటలు ఒక్కసారిగా మాట్లాడటం కనకవ్వ ఎన్నడూ ఎరగదు. సంతోషం పొంగుకొచ్చింది. అంతలోనే ఆ పండ్లూ గ్లూకోజులూ ఎందుకో తట్టింది. అయితే ఈయనకు ఏదో రోగం ఉంది, ప్లేడే వదులుకున్నది అందుకే, తన దగ్గర దాచాడు. నాకెందుకు చెప్పలేదని ఆమె, నువ్వే కదా చెప్పాల్సిందని అతను, ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వాళ్లను చూసి జామచెట్టు కిందివాళ్లంతా ఏడ్చారు. ఏమీ అర్థంకాని ఖైజర్ మాత్రం తన పని తాను చేసుకుపోయాడు.

చివరికి దీపకే అనుమానం వచ్చింది. "అసలు మా బాపుకు ఏం రోగమో ఎవలన్న చెప్పుండ్రి," అని నిలదీసింది. అనసూర్య సదయ్య వైపు చూసింది. సదయ్య ఫోన్ తీసి ఎల్లేశం పెట్టిన మాట చూపించాడు. ఎల్లేశం బెదిరిపోయి, కనకవ్వ వదినే చెప్పిందన్నాడు. నేనెప్పుడు చెప్పానని కనకవ్వ కళ్లు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. తనకు అసలు రోగమే లేదని బుచ్చన్నకు మెల్లమెల్లగా తెలిసివస్తోంది.

"మరి ప్లేడే ఎందుకు ఇడిసిపెట్టినవన్నా?" అని అడిగాడు ఎల్లేశం.

బుచ్చన్న తల వంచుకున్నాడు. "ఫోటో దిగనీకి," అన్నాడు.

ముందు కనకవ్వ నవ్వింది, చెంపల మీద తడి ఆరకుండానే. తర్వాత జామచెట్టు కింద నవ్వనివాడు లేడు. సదయ్య ఒక్కడే ముఖం గంటుపెట్టుకుని, ఆ వంతు మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. అప్పటికే ఎవరో అతని చేతిలో ఉప్మా ప్లేటు పెట్టేశారు. వేరే కుర్చీ ఖాళీ లేక బుచ్చన్న పక్కనే కూర్చుని తిన్నాడు. మంగళవారం పరీక్ష కాగితాలు కూడా వచ్చాయి. మనిషి గుండ్రాయిలా ఉన్నాడని అందులో తేలింది.

ఖైజర్ ఆ వారంలోనే ఫోటోకు ఫ్రేము కట్టి తెచ్చాడు. బొగ్గు అంటిన చొక్కాతో బుచ్చన్న, అతని చేతుల్లో చేతులు పెట్టి అతన్నే చూస్తున్న కనకవ్వ. ఇద్దరికీ కెమెరా ఉన్న ధ్యాసే లేదు. కనకవ్వ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. "గీనె నా మొగడు," అని నెమ్మదిగా అన్నది. చొక్కా మీది నలుపునూ, ఓ మూల బ్రెడ్డు పట్టుకుని ఏడుస్తున్న ఎల్లేశాన్నీ కంప్యూటర్‌లో తీసేస్తానన్నాడు ఖైజర్. ఒక్కటి కూడా తీయొద్దని చెప్పి, ముందు గది గోడకు తనే మేకు కొట్టించింది.

ఎల్లేశం మాత్రం ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా, ఏడుపులో తన ముఖం బాగా రాలేదని, అందరం కలిసి ఇంకోసారి దిగుదామని అడుగుతున్నాడు.