కాటా మీద అరవై కిలోలు

ఆ ఉదయం చిలకలూరిపేట హైవే పక్కన జిన్నింగ్ మిల్లు నడిపే ప్రేమ్‌చంద్ చేతిలో ఉన్నవి ఒక పాత కాటా, ముందురోజు కొన్న కొత్త కంప్యూటరు, గేటు బయట ఎనిమిది ట్రాక్టర్ల పత్తి. ఆ పత్తి లోపలికి రాకపోతే మర్నాడు మిషన్లు ఆగిపోతాయి.

కొత్త కంప్యూటరు పాత కాటాను గుర్తించలేదు. బెంగళూరులో కెర్నల్ డ్రైవర్లు రాసే మేనకోడలు శ్రీరమ్య సెలవు మీద ఊళ్ళోనే ఉంది. పిలిపించాడు.

"కాటా చూపే బరువుని కంప్యూటరుకి అందించే డ్రైవరు ప్రోగ్రాము పదిహేనేళ్ళ నాటిది, మావయ్యా. కొత్త కెర్నల్, అంటే కంప్యూటరుని నడిపే మూల ప్రోగ్రాము, దాన్ని ఒప్పుకోదు. కొత్తది రాస్తా," అంది.

పదింటికల్లా రాసేసింది. నాలుగు టన్నులు దాటిన బరువుని పాత డ్రైవరు అరవై కిలోలు తగ్గించి చూపేది. ఆ తప్పూ సరిదిద్దింది.

మొదటి ట్రాక్టరు బుల్లయ్యది. అది కాటా ఎక్కగానే, గేటు దగ్గర టీ అమ్మే హనుమాయమ్మ లోడు మీదకెక్కి కూర్చుంది.

"మీరెందుకు పిన్నీ?" అంది శ్రీరమ్య.

"నేను సరిగ్గా అరవై, అమ్మాయ్. కాటా మింగింది నేను కక్కిస్తా. ఖాళీ బండి తూచేటప్పుడు దిగిపోతా."

ప్రేమ్‌చంద్‌కు ఇది తెలుసు. అరవైకి అరవై చెల్లు గనుక ఏనాడూ అడ్డు చెప్పలేదు. "ఇక దిగమ్మా. కాటా బాగైంది," అన్నాడు.

బుల్లయ్య ఇంజను ఆపేశాడు. "ఎవరికి బాగైందండీ?"

ఆ మాట వెనక్కి వెళ్తూ బరువెక్కింది. మూడో ట్రాక్టరు దగ్గర కొత్త కాటా కోత వంద కిలోలు, ఆరో ట్రాక్టరు దగ్గర రెండు క్వింటాళ్ళు. చివరనున్న కోటేష్ తన బండిని పక్క మిల్లు వైపు తిప్పేశాడు.

"సరే, కూర్చోనివ్వండి," అన్నాడు ప్రేమ్‌చంద్.

"ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఇంకేదో ఉందిరోయ్," అన్నాడు బుల్లయ్య. ఇంకో రెండు బండ్లు తిరిగాయి.

శ్రీరమ్య కోడు చూపించి వివరించింది. బుల్లయ్య ఓపిగ్గా విన్నాడు. "కొత్త కాటా కరెక్టేనమ్మా. మాకు పాతదే కావాలి."

ప్రేమ్‌చంద్ లోపలికొచ్చాడు. "ఆ తప్పు మళ్ళీ పెట్టు."

"తెలిసి తెలిసీ తప్పు రాయమంటావా మావయ్యా?"

"రాయి. వాళ్ళ ఎదురుగానే."

ఆమె బుల్లయ్యను లోపలికి పిలిచి, అతని ఎదురుగానే ఆ తప్పు మళ్ళీ రాసింది. "మా ఆఫీసులోనూ ఇంతేలే. జనం అలవాటుపడ్డ తప్పు తీస్తే, తీసినవాళ్ళదే తప్పు."

హనుమాయమ్మ మళ్ళీ లోడెక్కింది. బుల్లయ్య స్లిప్పు చూసి తలూపాడు. తిరిగిపోయిన మూడు బండ్లూ వెనక్కొచ్చాయి.

సాయంత్రానికి మిల్లుకు దక్కినవి ఎనిమిది లోడ్ల పత్తి, ఒక కొత్త డ్రైవరు, అరవై కిలోల పాత తప్పు. ఈసారి ఆ తప్పును ఇంజనీరు స్వయంగా పరీక్షించి, సరిగ్గా ఉందని చెప్పింది.