నీలం చుక్క వెంట క్లచ్ మాస్టారు

ఆ పొద్దున క్లచ్ మాస్టారి కార్యక్రమం చాలా సులువైనది. అత్తగారి చేత కారు ఒక చుట్టు తిప్పించాలి, దారిలో పెట్రోలు బంకులో టైర్లకు గాలి పట్టించాలి, ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపి తరువాతి శిష్యుణ్ణి ఎక్కించుకోవాలి. మర్నాడే అత్తగారికి లైసెన్సు పరీక్ష.

ఆ పేరు ఆయనకు శిష్యులు పెట్టింది. డ్రైవింగ్ స్కూలంటే ఒక గది, ఒక కారు. కారు నెత్తిన పసుపు బోర్డు, ఎడమ సీటు ముందు ఆయన కోసం విడిగా ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు. పొద్దస్తమానం "క్లచ్, క్లచ్" అని అరిచే అలవాటుకి నిద్రలో కూడా ఎడమ కాలు ఝాడించేవారు. ఆ తన్నులు తినీ తినీ భార్య మంచం గోడ వైపుకు మారిపోయింది.

అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ వార్డులోకి వస్తే డాక్టర్లు కూడా గొంతు తగ్గించేవారట. ఇంట్లో కూర్చుంటే కీళ్లు బిగుసుకుపోతాయని కారు నేర్చుకోవడం మొదలుపెట్టారు. "ఎంతమంది ప్రాణాలో చేతుల్లో పెట్టుకున్నదాన్ని, ఒక స్టీరింగు పట్టుకోలేనా" అన్నారు. పట్టుకోవడం బాగానే పట్టుకున్నారు. రెండో గేరు దాటమంటేనే ఒప్పుకునేవారు కాదు.

ఇక ఫోను సంగతికొస్తే మాస్టారంత జాగ్రత్తపరుడు ఆ చుట్టుపక్కల లేడు. దానికి వేలిముద్ర తాళం, బ్యాంకు లెక్కలకు ఇంకో తాళం. ఫోను ఎక్కడుందో చూపించే మ్యాపు ఇంట్లో భార్య కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంటుంది. కారెక్కిన ప్రతివాడికీ పాఠంతోపాటు ఒక ఉపదేశం కూడా దక్కేది. "ఫోను పోతే దొంగ వెనక పరిగెత్తకండి. బ్యాంకుకు చెప్పండి, పోలీసులకు చెప్పండి, మిగతాది వాళ్లు చూసుకుంటారు. వెంటపడేవాడు వెర్రివాడు."

బంకులో గాలి పట్టించి మాస్టారు కారు వైపు నడుస్తుండగా, తలకు హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు అడ్డంగా వచ్చి ఆయన్ని గుద్దుకున్నాడు. "సారీ అన్నా, చూసుకోలేదు" అని మోటారుసైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. మాస్టారు కూడా ఫరవాలేదన్నట్టు తలూపి సీట్లో కూర్చున్నారు. వీధి మలుపు తిరిగాక చెయ్యి అలవాటుగా ప్యాంటు జేబు మీదికి వెళ్లింది. జేబు చదునుగా తగిలింది. రెండో జేబు, చొక్కా జేబు, మళ్లీ మొదటి జేబు.

"అత్తయ్యగారూ, నా ఫోను పోయింది" అన్నారు. "వాడే, ఆ హెల్మెట్ వాడు. కావాలనే గుద్దాడు."

"ముందు గట్టిగా ఊపిరి పీల్చండి బాబూ. కంగారుపడితే బీపీ పెరుగుతుంది. నా సంచిలో ఫోనుంది, తీసి చెయ్యండి."

మాస్టారు తన నంబరు నొక్కారు. "మోగుతోంది. ఎత్తట్లేదు."

"ఇంకా ఏం ఎత్తుతాడు, ఎత్తాల్సింది ఎత్తేశాడు కదా" అన్నారు అత్తగారు, దారి మీంచి చూపు తిప్పకుండా.

వెంటనే భార్యకు చేసి, స్పీకరు పెట్టి, సంగతి చెప్పారు. ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంది. "ఇదిగోనండీ, నీలం చుక్క కనిపిస్తోంది. బజారు వీధి మొదట్లో ఉంది" అంది. మాస్టారు తలెత్తి చూశారు. వాళ్లు కూడా బజారు వీధి మొదట్లోనే ఉన్నారు. కూతవేటు దూరంలో ఆ మోటారుసైకిల్ వెళ్తోంది. శిష్యులకు చెప్పిన ఉపదేశమంతా ఆ క్షణంలోనే గాలికి పోయింది.

"నువ్వు బ్యాంకుకు చెప్పి లెక్కలన్నీ ఆపించెయ్. సిమ్ము మాత్రం ఆపించకు, చుక్క ఆరిపోతుంది. అత్తయ్యగారూ, వాణ్ణి వదలకండి. మూడో గేరు వెయ్యండి."

"మూడా?"

"మూడే."

అత్తగారు పళ్లు బిగించి మూడో గేరు వేశారు. కారు ఉలిక్కిపడి ముందుకు దూకింది. హెల్మెట్ మనిషి అద్దంలోంచి వెనక్కి చూసుకున్నాడు. పసుపు బోర్డు కారొకటి మీదికొస్తోంది. లోపల కళ్లద్దాల పెద్దావిడ గుడ్లురుముతోంది, పక్కనున్న మనిషి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పిడికిలి చూపిస్తున్నాడు. అతను బండి వేగం పెంచాడు.

"చూశారా, తప్పు చేసినవాడే పారిపోతాడు" అన్నారు మాస్టారు.

అతను ఎడమకు తిరిగితే వీళ్లూ ఎడమకు తిరిగారు. "ఎడమకు తిరిగాడండీ" అంది భార్య. వీళ్లు కుడికి తిరగ్గానే "ఇప్పుడు కుడికి" అంది. చుక్క ఇంత ఖచ్చితంగా చెబుతున్నందుకు మాస్టారు ఆ భయంలో కూడా కాస్త గర్వపడ్డారు.

నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రలైటు పడింది. హెల్మెట్ మనిషి సందు చూసుకుని దూరిపోయాడు. అత్తగారు మాత్రం తెల్లగీత వెనక, గీతకు చీమంత దూరంలో, కారాపారు.

"దాటెయ్యండి అత్తయ్యగారూ, వాడు పోతున్నాడు."

"ఎర్రలైటు దాటడం మీరు నేర్పలేదు."

"ఏమండీ" అంది భార్య ఫోన్లో, "వాడెక్కడికీ పోలేదు. కూడలి దగ్గరే ఆగాడు."

"కూడలి దగ్గర ఆగింది మేమే."

"అయితే మీ పక్కనే ఉన్నాడు. మీకు చెయ్యి చాపితే అందేలా ఉంది చుక్క."

మాస్టారు మెల్లగా తల తిప్పి చూశారు. కుడిపక్క బడిపిల్లల ఆటో. ఎడమపక్క స్కూటరు మీద కాళ్లమధ్య పూలకుండీ పెట్టుకున్న ముసలాయన. వెనక తెల్లకారులో నల్లకళ్లద్దాల మనిషి, నోట్లో ఏదో నములుతూ సూటిగా వీళ్లనే చూస్తున్నాడు.

"చేతులు మార్చేశాడు" అన్నారు మాస్టారు గుసగుసగా. "ఇది ఒక్కడి పని కాదు, ముఠా. హెల్మెట్ వాడు ఫోను వెనక కారువాడికిచ్చేశాడు."

పచ్చలైటు పడింది. అత్తగారు కదిలారు, తెల్లకారూ కదిలింది. భార్య చెప్పే చుక్కా కదిలింది. అత్తగారు టక్కున తలుపుల తాళాలు వేశారు.

"ఫోను దొరికినవాడు దాని దారిన పోక, మన వెనకెందుకు వస్తాడు బాబూ?"

"చార్జరు కోసమేమో."

అత్తగారు అద్దంలో తెల్లకారును ఓసారి చూసుకున్నారు. "అయితే నేను పోలీసు స్టేషనుకు పోనిస్తాను. వెనకే వచ్చేవాడు లోపలికి కూడా వస్తాడు" అని ఇండికేటరు వేశారు. ఇన్నేళ్లలో అత్తగారి మాట మాస్టారికి ఇంత సబబుగా ఎప్పుడూ తోచలేదు.

స్టేషను ముందు కారాపి, ఇద్దరూ వెనక్కి చూడకుండా లోపలికి ఉరికారు. గుమ్మంలోనే ఆగిపోయారు. హెడ్ కానిస్టేబుల్ ఎదుటి బెంచీ మీద, తలకున్న హెల్మెట్ తియ్యకుండానే, గ్లాసుతో నీళ్లు తాగడానికి అవస్థ పడుతూ ఆ మోటారుసైకిల్ మనిషి కూర్చుని ఉన్నాడు.

"వీడే సార్" అన్నారు మాస్టారు.

"వీళ్లే సార్" అన్నాడు అతను. "బంకు దగ్గర్నుంచి తరుముతున్నారు. ఆ పెద్దావిడ నన్ను చంపేదే. నాకు పెళ్లాంబిడ్డలున్నారు సార్."

హెడ్ కానిస్టేబుల్ బట్టతల మనిషి, నిదానస్తుడు. ఇద్దరి కథా విని, ఫోన్లో ఉన్న మాస్టారి భార్యను అడిగాడు. "చుక్క ఇప్పుడెక్కడుందమ్మా?"

"మీ స్టేషన్ మీదే ఉంది సార్."

మాస్టారి ముఖం వెలిగింది. హెల్మెట్ మనిషి జేబులు వెతికించారు. ఒక దువ్వెన, బండి తాళం, రబ్బరుబ్యాండు చుట్టిన బటన్ల ఫోను దొరికాయి. వెలిగిన ముఖం ఆరిపోయింది. ఫోను స్టేషన్లోనే ఉంది. ఇతని దగ్గర లేదు. మరి ఎవరి దగ్గరుంది? మాస్టారి చూపు గదంతా తిరిగి హెడ్ కానిస్టేబుల్ బల్ల మీద ఆగింది. అక్కడ నల్లరంగు ఫోనొకటి ఉంది. అచ్చం తనలాంటిదే.

"సార్, ఏమీ అనుకోకండి. ఆ ఫోను..."

హెడ్ కానిస్టేబుల్ ఫోను తెరిచి, పళ్లు రాని మనవరాలి ఫోటో చూపించి, మళ్లీ బోర్లించాడు. మాస్టారికి నేల చీలితే బాగుండుననిపించింది.

"ఇక ఫోను మీద ఆశ వదులుకుంటాను. లోపలున్నదంతా చెరిపెయ్, దొంగ చేతిలో పడకుండా ఉంటుంది" అన్నారు భార్యతో.

"చెరపాలంటే పాస్‌వర్డ్ అడుగుతోందండీ. ఏమిటది?"

"ఇంటికొచ్చి నేనే నొక్కుతాలే."

"మీరొచ్చేలోగా వాడు అంతా చూసేస్తాడు. చెప్పండి."

"చెప్పవయ్యా" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "ఇక్కడ ఏం ప్రమాదం?"

ప్రమాదం పక్కనే సంచి పట్టుకుని నిలబడి ఉంది. మాస్టారు అటు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని గొణిగారు. "వినపడట్లేదు, గట్టిగా" అంది భార్య. మింగలేక కక్కలేక, చివరికి కళ్లు మూసుకుని అనేశారు.

"అత్తగండం."

స్పీకరులోంచి ఒక్క మాట వచ్చింది. "ఏ గండం?"

అత్తగారు థర్మామీటరు చూసేటప్పటిలా కళ్లు చికిలించి అల్లుణ్ణి పరిశీలించారు. మాట్లాడిందంతా కూతురే. "మా అమ్మ మీకు గండమా? ఎప్పుడు పెట్టారిది? పెళ్లైన కొత్తలోనా, ఈమధ్యనా?"

"ముందు నొక్కవే, తరువాత మాట్లాడుకుందాం."

"నొక్కను. రోజుకెన్నిసార్లు మా అమ్మను తలుచుకుని ఆ ఫోను తెరుస్తారో చెప్పండి ముందు." లోపలి గదిలోంచి ఇద్దరు కానిస్టేబుళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. హెల్మెట్ మనిషి బాగా వినపడాలని హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పోయిన వానాకాలం మీకు జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తూ పక్కన కూర్చుంది ఎవరండీ, గండమేనా? చెప్పండి, నేను... ఏమండీ. చుక్క కదులుతోంది."

హెడ్ కానిస్టేబుల్ గదిలో అందరినీ ఓసారి చూశాడు. అందరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. బయటికి వెళ్లినవాడు లేడు.

"కదలడం కాదు, పరిగెడుతోంది" అంది భార్య.

అందరూ వీధిలోకి పరిగెత్తారు. కారాపిన చోట చిన్న నూనె మరక తప్ప ఏమీ లేదు.

"తాళం?" అన్నారు మాస్టారు.

"కారుకే ఉంది" అన్నారు అత్తగారు. వార్డులను గడగడలాడించిన ఆ గొంతు మొదటిసారి వణికింది. "ఇంజను కూడా ఆపలేదు బాబూ."

హెడ్ కానిస్టేబుల్ బట్టతల తడుముకున్నాడు. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికావయ్యా. నీ ఫోను పొద్దున్నుంచీ నీ కార్లోనే ఉంది. ఇందాకటిదాకా నీదేదీ ఎవడూ ఎత్తుకుపోలేదు. ఇప్పుడు పోయింది."

మాస్టారు మెట్ల మీద కూలబడ్డారు. ఉన్నది ఒక్క కారు. అది పోతే స్కూలంటే ఒట్టి గది. ఇప్పుడు ఆ కారెక్కడుందో చెప్పగలిగేది ఆ చుక్కొక్కటే. ఫోను చెరిపితే చుక్కా ఆరిపోతుంది. పీలగా అడిగారు. "చెరిపేశావా?"

"లేదు."

"ఎందుకని?"

"మిమ్మల్ని తిడుతున్నాను కదా."

ఆ తిట్లకు మాస్టారు మనసులోనే చేతులెత్తి మొక్కారు. మాస్టారినీ అత్తగారినీ ఎక్కించుకుని పోలీసు జీపు బయల్దేరింది. దారి చెప్పింది భార్య. రైల్వేగేటు పడిన చోట, ఒక లారీ వెనక, వరుస తప్పకుండా పసుపు బోర్డు కారు ఆగి ఉంది. సీటుబెల్టు పెట్టుకుని, హ్యాండుబ్రేకు లాగి, గేరు న్యూట్రల్లో పెట్టుకుని కూర్చున్న దొంగ, జీపు దిగినవాళ్లను చూసి రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం మాస్టారూ. మీ కారని ఈ రెండో క్లచ్చు చూశాకే తెలిసింది. అప్పటికి గేరు మార్చేశాను."

ఆ ముఖం మాస్టారికి తెలుసు. పోయిన ఎండాకాలం బ్యాచ్‌లో మొదటిసారికే లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడు.

"నీ శిష్యుడా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్, బేడీలు తగిలిస్తూ. "దొంగతనంలో కూడా సీటుబెల్టు, హ్యాండుబ్రేకు మర్చిపోలేదు. పాఠం బాగానే చెప్పావు."

ఫోను ఎడమ సీటు పక్క సందులో, సీటు జరిపే పట్టాల మధ్య ఇరుక్కుని ఉంది. పాఠం జరిగేటప్పుడు మోగకూడదని ఆయన స్వయంగా నోరు నొక్కి ఉంచింది. తిరుగుదారిలో అత్తగారు చెయ్యి చాపి తాళం అడిగి తీసుకున్నారు. ఇంటిదాకా మూడో గేరులోనే నడిపారు. మాస్టారు ఒక్కసారి కూడా క్లచ్ అన్న మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం అందరి ఎదుటా పాస్‌వర్డ్ మార్చారు. కొత్తది అత్తగారు పెట్టారు, మాస్టారికి ఇంకా చెప్పలేదు.