హైకనుష్ పుట్టినరోజుకు ఎనిమిది పూలు

ఆ ఉదయం గ్యుమ్రి ఊరంతా మంచులో మునిగిపోయి, ఎదురింటి నల్లరాతి గోడ కూడా ఉందో లేదో అన్నట్టుంది. కిటికీ దగ్గర టీ తాగుతూ హ్రాంత్ సాయంత్రం విందుకు జాబితా రాసుకున్నాడు. తల్లి హైకనుష్‌కు డెబ్బై అయిదు నిండుతున్నాయి. విందు నడిపే తమడా తనే కాబట్టి మొదటి గ్లాసు ఎవరి పేర ఎత్తాలి, రెండోది ఎవరి పేర ఎత్తాలి, అంతా వరుసగా రాశాడు. తల్లి కోరిక ఒక్కటే అందులో రాయలేకపోయాడు. ఆవిడకు చెల్లెలు సతేనిక్ రావాలి. ఒకే కుట్టు దుకాణంలో ముప్ఫై ఏళ్ళు పక్కపక్కన కూర్చున్న ఆ ఇద్దరూ ఓ పెళ్ళిగౌను మెడ ఎంత లోతుండాలన్న దగ్గర మాటా మాటా అనుకుని, తొమ్మిదేళ్ళుగా మొహాలు చూసుకోవడం లేదు. హ్రాంత్ మూడుసార్లు పిలవడానికి వెళ్తే పిన్ని మూడుసార్లూ తలుపు తీయలేదు.

"రాకపోతే పోనీలేరా. నాకు పుట్టినరోజులు కొత్తా" అంది హైకనుష్. అని, కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచి ఆ మంచులోకే చూసింది.

సాయంత్రం రెస్టారెంట్లో అడుగు పెట్టగానే ఆవిడ ముక్కుకు ఖష్లమా మాంసం పులుసు వాసన తగిలింది. మాంసం ఇంకా ఉడకలేదని తేల్చేసి, లోపల చూసొస్తానంటూ తిన్నగా వంటింట్లోకి నడిచింది. హ్రాంత్ ఈలోగా కానుక సర్దాడు. తల్లి ముప్ఫయ్యో ఏట తీయించుకున్న ఫొటోను పెద్దది చేయించి, చట్రం కట్టించి తెచ్చాడు. దాన్ని బల్ల మధ్యన నిలబెట్టి, ముందు కార్నేషన్ పూలు పెట్టాడు. కొన్నవి తొమ్మిది. కారు తలుపులో పడి ఒకటి విరిగిపోతే భార్య న్వార్ద్ దాన్ని పారేసింది. మిగిలినవి ఎనిమిది. పోయినవాళ్ళకు తప్ప సరిసంఖ్యలో పూలు పెట్టరని ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. హడావిడిలో ఎవరూ లెక్కపెట్టలేదు.

పోయిన తండ్రి పేరెత్తితే అమ్మ ఏడుస్తుంది, ఆవిడ లోపల ఉండగానే ఆ గ్లాసు కానిచ్చేద్దాం అనుకున్నాడు హ్రాంత్. అందరూ లేచి నిలబడ్డారు. పోయినవారి పేర తాగేటప్పుడు చేయవలసినట్టే, గ్లాసుకు గ్లాసు తాకించకుండా, మౌనంగా తాగారు.

పక్క బల్ల దగ్గర ఓనిక్ అనే పెద్దమనిషి ఇదంతా చూశాడు. ఫొటో, పూలు, మౌనం. ఫొటోలో ఉన్నది తమ వీధి దర్జీ హైకనుష్. అయ్యో, పోయిందా అనుకున్నాడు. సైగ చేసి రెస్టారెంటు పాటగాళ్ళను ఆపించాడు. సన్నాయిలాంటి దుదుక్ వాయించేవాడు విషయం గ్రహించి, వినేవాళ్ళ ఒళ్ళు గాల్లో తేలిపోయేటట్టు ఓ విషాదరాగం అందుకున్నాడు. ఓనిక్ భార్య బయటికెళ్ళి, రెండు వీధుల అవతలున్న సతేనిక్‌కు ఫోన్ చేసింది.

ఓనిక్ సీసా పట్టుకుని వచ్చి ఆత్మకు వెలుగు కలగాలన్నాడు. తండ్రి గురించే అనుకుని హ్రాంత్ కళ్ళు తుడుచుకుని దండం పెట్టాడు. అప్పుడు ఓనిక్ గ్లాసెత్తి మొదలుపెట్టాడు.

"హైకనుష్ లాంటి మనిషి ఈ ఊళ్ళో మళ్ళీ పుట్టదు."

హ్రాంత్ నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. గ్లాసెత్తి మాట్లాడుతున్నవాణ్ణి మధ్యలో ఆపడం ఎవరికీ మర్యాద కాదు, తమడాకు అసలే కాదు. ఓనిక్ మాట పావుగంట సాగింది. భూకంపం వచ్చిన చలికాలంలో ఆవిడ పాత కోట్లు విప్పి వీధి పిల్లలందరికీ కొత్తవి కుట్టిపెట్టిన సంగతి, ఎవరినీ పైసా అడగని సంగతి, అన్నీ చెప్పాడు. వంటింటి తెర వెనక, ఆవిరి మధ్యన, చేతిలో గరిటెతో హైకనుష్ నిలబడి వింటోంది. దుదుక్ వినిపిస్తోంది. ఇది కలేమోననిపించింది ఆవిడకు. కలైతే మెలకువ రాకూడదని కూడా అనిపించింది. అందుకే కదల్లేదు.

అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది. ఒంటికి చుట్టుకున్న మంచుతో సహా సతేనిక్ లోపలికొచ్చింది. తలకు నల్లగుడ్డ, కాళ్ళకు ఇంటి చెప్పులు. తిన్నగా ఫొటో దగ్గరికెళ్ళి దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఆ మెడ లోతు నువ్వు చెప్పిందే సరైందక్కా. ఆ రోజే తెలుసు నాకు. పొగరుబోతుదాన్ని, చెప్పలేదు. ఇక నేనెవరితో పోట్లాడను?"

తెర తొలిగింది.

"నాతోనే పోట్లాడు. వంటింట్లో కొంచెం పనుండి ఆలస్యమైంది" అంది హైకనుష్.

దుదుక్ ఆగిపోయింది. సతేనిక్ ఫొటో వంక చూసింది, మనిషి వంక చూసింది. బతికుండి తనను చెప్పులు కూడా మార్చుకోనివ్వకుండా పరిగెత్తించినందుకు అక్క భుజం మీద ఒక్కటిచ్చుకుని, ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. హైకనుష్ గరిటె వదలకుండానే చెల్లెల్ని గట్టిగా కావలించుకుంది. తొమ్మిదేళ్ళ బరువు దిగిపోయి ఆవిడ మొహం ఫొటోలో మొహంలా వెలిగింది. హ్రాంత్‌కు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఈసారి అందరూ గ్లాసులు గణగణా తాకించుకున్నారు.

ఓనిక్ మాత్రం, బతికున్నవాళ్ళను అంతగా పొగడడం తనకు అలవాటు లేదని, చెప్పినదాంట్లో సగం వెనక్కి తీసుకున్నాడు.