మూడు మీటర్ల తాడు

తెలుక్ బారూ నియోజకవర్గంలో ఇకపై ఒక్క పెంపుడు కోతి కూడా జబ్బుపడడానికి వీల్లేదని శాసనసభ్యులు డాటో వాన్ ఖుజైరి ప్రకటించారు. ఆ ప్రకటన చేసేనాటికి నియోజకవర్గంలో జబ్బుపడిన కోతి ఒక్కటీ లేదు. అంటే పథకం మొదలైన క్షణానికే నూటికి నూరుపాళ్లూ విజయం సాధించిందన్నమాట. ఇంత తొందరగా ఫలితమిచ్చిన పథకం ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. ఏటి మీద వంతెన పథకం పన్నెండేళ్లుగా ఇంకా స్తంభాల దగ్గరే ఉంది.

ఎక్కడో దూరదేశంలో కోతి నుంచి మనిషికి జ్వరం అంటుకుందని అందరి ఫోన్లలోనూ వార్త తిరుగుతోంది. ఎన్నికలు ఆరు వారాల్లోకి వచ్చాయి. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని డాటో సభలో స్పష్టం చేశారు. ఎవరూ అడక్కుండానే స్పష్టం చేయడం ఆయన గొప్పతనం.

ఆ సభలో చివరి బెంచీ మీద పోక్ లెహ్ కూర్చుని ఉన్నాడు. అరవై మూడేళ్ల మనిషి; వయసులో పెద్దవాళ్లను ఆ ఊళ్లో పోక్ అంటారు. పక్కనే అతని కోతి అవాంగ్. పదకొండేళ్లుగా ఊళ్లో కొబ్బరికాయలన్నీ అవాంగే దింపుతున్నాడు. ముదురుకాయేదో లేతకాయేదో చేత్తో తిప్పి చూసి చెప్పేస్తాడు. పొద్దున్నే మోటార్‌సైకిలు వెనక సీటు మీద, పోక్ లెహ్ చొక్కా పట్టుకుని పనికి బయల్దేరతాడు. పోక్ లెహ్‌కి మోకాళ్లు పోయి ఏడేళ్లయింది. ఆ లోటు అవాంగ్ వల్ల ఎవరికీ తెలియలేదు.

కొత్తగా పుట్టిన కోతుల భద్రతా విభాగానికి అధికారి ఎన్చిక్ జుల్. ఆయన లేచి నిబంధనలు చదివాడు. కోతికీ యజమానికీ మధ్య దూరం మూడు మీటర్లకు తగ్గకూడదు. కోతి ఇరుగుపొరుగుల మీదికి పోకుండా కట్టే తాడు మూడు మీటర్లకు మించకూడదు. జబ్బుపడిన కోతికి వెంటనే సూది వేయాలి. దాన్ని గడిచిన పద్నాలుగు రోజుల్లో ముట్టుకున్నవాళ్లు ఎంతటివాళ్లయినా నలభై రోజులు బడిలో విడిగా ఉండాలి.

పోక్ లెహ్ చెయ్యెత్తాడు. "సూదంటే ఏ సూది సార్?"

"నిద్రపుచ్చే సూది, పోక్."

"మళ్లీ ఎప్పుడు లేస్తాడు?"

ఎన్చిక్ జుల్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "అది రూల్సులో రాయలేదు."

పోక్ లెహ్ అవాంగ్ చెయ్యి పట్టుకోబోయి, మూడు మీటర్లు గుర్తొచ్చి వదిలేశాడు.

మర్నాడు ఎన్చిక్ జుల్ టేపు పట్టుకుని తోటకే వచ్చాడు. ఆ శ్రద్ధ చూసి తోటవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

"సార్, చెట్టు పదిహేను మీటర్లు. తాడు మూడు మీటర్లు. వాడు పైకెలా పోతాడు?"

"తాడు ఇంకో కొస ఎవరి చేతిలో ఉంటుంది?"

"నా చేతిలో."

"అయితే మీరూ ఎక్కండి."

"నేనెక్కగలిగితే కోతెందుకు సార్?"

"పోక్, నేను దూరాలు చూసే మనిషిని. ఎందుకు అన్నది వేరే విభాగం."

పోక్ లెహ్ బిస్మిల్లా అనుకుని చెట్టును కౌగిలించుకున్నాడు. పదకొండేళ్లలో తన యజమాని చెట్టెక్కడం అవాంగ్ చూసి ఎరగడు. తాడు అందినంత మేర ముందే ఎక్కి, పైనుంచి తల వంచి చూశాడు. పోక్ లెహ్ రెండు మీటర్లు ఎక్కి, అక్కణ్నుంచి జర్రున జారి కింద పడ్డాడు. మోచేతులు రెండూ చీరుకుపోయాయి. అవాంగ్ గబగబా దిగొచ్చి ఆ మోచేతుల్ని పట్టుకుని చూడసాగాడు.

"దూరం! దూరం!" అని అరిచాడు ఎన్చిక్ జుల్.

కాఫీ తెచ్చిన పోక్ లెహ్ భార్య మెక్ సోమ్‌కి ఒళ్లు మండింది. "ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఎంత కోపమొచ్చినా నేనే ఈయన్ని మూడు మీటర్ల అవతల పెట్టలేదు బాబూ. నీకెవరు నేర్పారయ్యా ఈ కొలతలు?"

ఎన్చిక్ జుల్ ఆ మాట పట్టించుకోలేదు. యజమాని పూర్తిగా సహకరించాడని పుస్తకంలో రాసుకున్నాడు. నియోజకవర్గంలో చెట్టెక్కడానికి ప్రయత్నించిన యజమాని మరొకడు లేడు గనక, పథకం ప్రారంభోత్సవానికి అవాంగ్‌నే ఎంపిక చేశాడు.

శనివారం బడి ఆవరణలో ప్రారంభోత్సవం. డాటోకి మూడు రోజులుగా దగ్గు. ప్రజల కోసం అరిచి అరిచి తెచ్చుకున్న దగ్గు కాబట్టి ఎవరూ దాన్ని జబ్బనుకోలేదు. జంతువులకు దూరంగా ఉండమని ఆయన నలభై నిమిషాలు చెప్పారు. తర్వాత ఫోటో.

"డాటో, మూడు మీటర్లంటే ఫోటోలో ఇద్దరూ పడట్లేదు," అన్నాడు పత్రిక ఫోటోగ్రాఫర్.

ప్రజానాయకుడు వెనకాడితే ఎలా? "రా నాన్నా!" అంటూ డాటో అవాంగ్‌ని చంకనేసుకున్నారు. మొహం కనపడడం లేదని మాస్కు తీసేశారు. బుగ్గకు బుగ్గ ఆనించి ముద్దు పెట్టారు. మధ్యలో రెండుసార్లు అవాంగ్ మొహం మీదే ఖళ్లుఖళ్లుమని దగ్గారు. తాను సగం తాగిన కొబ్బరిబోండాన్ని వాడి నోటికందించి, "మా ఇద్దరివీ ఒకే నీళ్లు!" అన్నారు. చప్పట్లు మారుమోగాయి. మూడో రోజుకల్లా ఆ ఫోటో పోక్ లెహ్ ఇంటి ఎదుటి కూడలిలో తాటిచెట్టంత బోర్డయి లేచింది.

ఆరో రోజు పొద్దున అవాంగ్ కోడిగుడ్డు ముట్టుకోలేదు. ముక్కు కారుతోంది. మధ్యాహ్నానికి దగ్గు మొదలైంది. మెక్ సోమ్ వాడి ఛాతీకి నూనె రాసి, అల్లం తేనె నాకించి, తలుపు వేసేసింది. తలుపు వేస్తే దగ్గు ఆగుతుందా? సాయంత్రానికి ఇంటి ముందు వ్యాను ఆగింది. తెల్ల సూటులో ఎన్చిక్ జుల్ దిగాడు. వెనక ఇద్దరు మనుషులు, ఒక బోను, ఒక చిన్న పెట్టె.

పోక్ లెహ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "వాడు నా కాళ్లు సార్. వాణ్ని తీసుకుపోతే నన్నూ ఆ బోనులో పెట్టండి."

"మీరు బడికి వెళ్లాలి, పోక్. బోను వాడికే. ముందు ఫారం నింపుదాం. పద్నాలుగు రోజుల్లో వీణ్ని ఎవరెవరు ముట్టుకున్నారు?"

పోక్ లెహ్ అబద్ధమాడే మనిషి కాదు. "నేను. మా ఆవిడ."

"ఇంకా?"

"డాటో."

కలం ఆగింది. "ముట్టుకోలేదు."

"ముద్దు పెట్టుకున్నారు సార్."

"సాక్ష్యముందా?"

మెక్ సోమ్ కిటికీ రెక్క తెరిచింది. కూడలిలో డాటో, అవాంగ్ ఒకరి బుగ్గకొకరు ఆనుకుని నవ్వుతున్నారు.

ఎన్చిక్ జుల్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. నామినేషన్లకు ఇంకా పదమూడు రోజులే. బడిలో నలభై రోజులు. ఆయన పెరట్లోకి వెళ్లి ఫోన్ చేశాడు. ఫోనులోనే సెల్యూట్ కొట్టినంత పని చేశాడు. చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏదీ కోతి?"

అవాంగ్ ఖళ్లుమని దగ్గాడు.

"ఇది దగ్గు కాదు," అన్నాడు ఎన్చిక్ జుల్.

"మరేమిటి సార్?"

"గొంతు సవరించుకుంటున్నాడు."

ఫారం చింపేసి, కోతి సంపూర్ణ ఆరోగ్యంతో ఉందని అక్కడికక్కడే ధ్రువపత్రం రాసి ముద్ర గుద్దాడు. బోను ఖాళీగా వ్యానెక్కింది. పోక్ లెహ్ గుమ్మంలోనే కూలబడి, అవాంగ్‌ని ఒళ్లోకి లాక్కుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తొమ్మిదో రోజుకి అల్లం తేనె పనిచేసింది. ఆ ఘనత పథకానిదని పత్రిక రాసింది.

కాఫీ దుకాణంలో పోక్ లెహ్ ఈ సంగతంతా చెప్పాడు. తనలాగే కోతిని పెంచే పోక్ జెహ్ కప్పు కింద పెట్టాడు.

"అంటే, డాటో ముట్టుకున్న కోతిని ఇంకెవరూ ముట్టుకోరన్నమాట."

అందరూ కాఫీ సగంలో వదిలేసి లేచారు.

మర్నాడు పొద్దున డాటో ఇంటి గేటు ముందు నలభై ఒక్క మోటార్‌సైకిళ్లు బారులు తీరాయి. ప్రతిదాని వెనక సీటు మీదా ఒక కోతి. ప్రతి యజమాని చేతిలోనూ ఫోన్. "డాటో, మావాడికి ఒక్క ముద్దు! ఒక్క ఫోటో!" ప్రజల ప్రేమ చూసి డాటోకి కళ్లు చెమర్చాయి. ఒక్కరినీ నిరాశపరచలేదు. చంకనెత్తుకోవడం, ముద్దు పెట్టడం, ఇంకా తగ్గని ఆ దగ్గు ఓసారి దగ్గడం, తర్వాతి కోతిని పిలవడం. మధ్యాహ్నమైనా వరుస తరగలేదు.

గేటు బయట పోక్ లెహ్ బకెట్ నిండా నీళ్లు, సబ్బు పెట్టుకుని కూర్చున్నాడు. లోపలినుంచి వచ్చిన ప్రతి కోతికీ మొహం, చేతులు శుభ్రంగా కడుగుతున్నాడు. అవాంగ్ పక్కన కూర్చుని తుండుగుడ్డ అందిస్తున్నాడు.

వార్త రాయడానికొచ్చిన రిపోర్టరమ్మాయి ఆగింది. "ఎందుకు పోక్, వీటిని కడుగుతున్నారు?"

"జబ్బులు ఎటునుంచి ఎటు అంటుకుంటాయో తెలీదు కదమ్మా. జాగ్రత్తగా ఉండమని డాటోయే చెప్పారు."

భద్రతా నిబంధనలు చక్కగా అమలవుతున్నాయని ఆ అమ్మాయి రాసుకుంది.