పద్నాలుగో నంబరు ప్లాటులో బుస

ఆ మంగళవారానికి లొరెట్టా ప్రూట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ప్రభుత్వం తరఫున ఇనెస్ బరాహోనా అనే జీవశాస్త్రవేత్త వస్తుంది. పక్కనున్న పద్నాలుగో నంబరు ఖాళీ ప్లాటులో బొరియ బయట నిలబడ్డ గుడ్లగూబల జంటను చూస్తుంది. కాగితం మీద సంతకం పెడుతుంది. ఇక పిల్లలు ఎగిరిపోయేదాకా అక్కడ ఎవడూ పార వేయడానికి వీల్లేదు. కాపురం ఉన్నట్టు తేలలేదో, పన్నెండింటికి ఆ ప్లాటు సొంతదారు, ఇళ్లు కట్టి అమ్మే గ్రేడీ స్టాలింగ్స్ గారి బుల్డోజర్ దిగుతుంది.

ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి లొరెట్టా. రిటైరయ్యాక పెలికన్ బెండ్ గుడ్లగూబల రక్షణ సంఘానికి కార్యదర్శి అయింది. సంఘంలో ఉన్నది తొమ్మిది మంది. వాళ్లలో నలుగురికి ఒకరితో ఒకరికి మాటల్లేవు. అయినా ఆరు నెలలు ఫ్లోరిడా ఎండలో ఇల్లిల్లూ తిరిగి వీధి మొత్తం చేత సంతకాలు పెట్టించింది. ఆ పిట్టలు ఉండేది జానెడు. పొడుగు కాళ్లు, తెల్ల కనుబొమలు. చెట్టెక్కవు, పట్టపగలే బొరియ ముందు నిలబడి, పెళ్లి భోజనానికి వంకలు పెట్టే మేనత్తల్లా దారిన పోయేవాళ్లని చూస్తాయి. లొరెట్టాకు అవంటే ప్రాణం.

పథకంలో ఉన్న ప్రమాదమల్లా ఒక్కటే. దాని పేరు వర్జిల్, ఆమె భర్త.

"ఇవాళ నువ్వు నాకే సాయమూ చెయ్యకు. కాఫీ తాగి కూర్చో, చాలు," అంది లొరెట్టా.

"అంత పనికిమాలినవాణ్ణా నేను?"

"కాదు. నువ్వు పనికొద్దామని బయల్దేరినప్పుడే నాకు గుండె దడ."

ఆమె స్నానానికి వెళ్లగానే వర్జిల్‌కు ప్లాటులో గడ్డి కనబడింది. పాపం, వచ్చే అమ్మాయికి బొరియ కనబడదేమోనని గడ్డి కోసే మిషను తీసుకెళ్లాడు. అది గుర్రుమనగానే గుడ్లగూబలు రెండూ లేచి ఎటో పోయాయి. ఏమైందో చూద్దామని వర్జిల్ బొరియలోకి వంగాడు. లోపల్నుంచి గిలక్కాయ ఆడించినట్టు ఒక బుస వినిపించింది.

భయం వేసినప్పుడు గుడ్లగూబ పిల్లలు, తోక ఆడించి చప్పుడు చేసే విషపు గిలకపాములాగే బుసకొడతాయి. ఈ సంగతి లొరెట్టా భోజనాల దగ్గర కనీసం నలభైసార్లు చెప్పి ఉంటుంది. భోజనాల దగ్గర వర్జిల్ భోజనమే చేస్తాడు. మిషను గిరాటేసి, "పామోయ్! గిలకపాము!" అని అరుస్తూ పరుగెత్తి, గట్టు జారి కాలువలో పడ్డాడు.

ఎదురింటి డెల్ఫీన్ అది కిటికీలోంచి చూసింది. "పద్నాలుగో ప్లాటులో పాము" అని వీధి వాళ్ల గ్రూపులో పెట్టింది. అయిదు నిమిషాల్లో అది మూడు పాములైంది, పదో నిమిషానికి పాముల పుట్టైంది. పావుగంటకల్లా వర్జిల్ ప్రూట్ పాము కరిచి పోయాడు. లొరెట్టా తడి తలతో బయటికొచ్చేసరికి గుమ్మం ముందు అంబులెన్సు, దాని వెనక ఫైరింజను, ప్లాటు చుట్టూ పసుపు టేపు. టేపు బయట ఇనెస్ బరాహోనా సంచి భుజాన వేసుకుని "ఒక్క మాట చెప్పనివ్వండి" అంటోంది. ఎవరూ చెప్పనివ్వడం లేదు.

స్టాలింగ్స్ గారు రానే వచ్చారు. టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నారు.

"ప్రజల ప్రాణాల కంటే నాకు వ్యాపారం ఎక్కువ కాదమ్మా. పన్నెండు దాకా ఎందుకు, ఇప్పుడే చదును చేయించేస్తాను."

వీధి చప్పట్లు కొట్టింది. అవన్నీ గుడ్లగూబల కోసం సంతకాలు పెట్టిన చేతులే.

"అది పాము కాదు, పిట్టపిల్లలు! అవే అలా బుసకొడతాయి!" అని లొరెట్టా గొంతు చించుకుంది.

"పాము బుసకొడితే పిట్టంటావు, పిట్ట బుసకొట్టినా పిట్టే అంటావు. మరి పామనేది ఎప్పుడమ్మా?" అంది డెల్ఫీన్. "గుడ్లగూబల్ని కాపాడమని సంతకం పెట్టాను గానీ, పాముల్ని మేపమన్నానా?"

బుల్డోజర్ ఇంజను మొదలైంది. లొరెట్టా టేపు దాటి వెళ్లి, బొరియ పక్కన చెంప నేలకానించి బోర్లా పడుకుంది.

"లేవండమ్మా, కరుస్తుంది!" అన్నాడు ఫైరింజను పెద్ద.

"కరవనీ. పోతే నన్నిక్కడే పాతిపెట్టండి. శ్మశానం పక్కన ఈయన ఇళ్లెలా అమ్ముతాడో నేనూ చూస్తాను!"

అనడమైతే అంది గానీ, బుస చెవి పక్కనే వినబడేసరికి ఆమెకే అనుమానమొచ్చింది. ఇన్నాళ్లూ ఆ బుస వీడియోల్లో విన్నదే. బొరియల్లోకి నిజం పాములూ దూరతాయని ఆమెకు తెలుసు. ఆ సంగతి మాత్రం భోజనాల దగ్గర ఎప్పుడూ చెప్పలేదు. కళ్లు గట్టిగా మూసుకుంది.

పక్కన ఎవరో ధబ్బున పడ్డారు. తెరిచి చూస్తే వర్జిల్. ఒళ్లంతా కాలువ నీళ్లు, భుజాన అంబులెన్సు వాళ్ల దుప్పటి, ఒక చీలమండ గుమ్మడికాయంత ఉంది.

"నువ్వెందుకు వచ్చావు?"

"ఇద్దరికీ ఒకటే గొయ్యి చాలుగా."

"సాయం చెయ్యొద్దన్నానా?"

"చెయ్యట్లేదు. పడుకున్నాను."

ఇక లాభం లేదని ఇనెస్ టేపు కింద నుంచి దూరి వచ్చేసింది. "ఇరవై నిమిషాలుగా మొత్తుకుంటున్నాను! నా సంచిలో కెమెరా ఉంది. బొరియలోకే పంపేది!"

సన్నటి గొట్టం లోపలికి జారింది. చేతిలోని తెర మీద అయిదు బూరుగుదూది ఉండలు కనబడ్డాయి. అయిదూ గుడ్లు మిటకరించి, నోళ్లు తెరిచి, ఉన్న ఊపిరంతా పెట్టి బుసకొడుతున్నాయి. వీధి మొత్తం "అయ్యో, బుజ్జికొండలు!" అని కరిగిపోయింది. "మొదట్నుంచీ నేను చెబుతూనే ఉన్నాను," అని డెల్ఫీన్ కళ్లొత్తుకుంది. ఇనెస్ సంతకం పెట్టింది. బుల్డోజర్ వెనక్కి తిరిగింది. లొరెట్టా లేచి, మొగుడికి చెయ్యందించి లేపి, అందరూ చూస్తుండగా అతన్ని తిట్టడం మొదలుపెట్టి మధ్యలో ఏడ్చేసింది.

స్టాలింగ్స్ గారు మాత్రం కదల్లేదు. చాలాసేపు ఆ తెరనే చూశారు.

"ఒక్క బొరియ ఉంటే చాలా, పనాగిపోవడానికి?" అని అడిగారు.

"చాలు," అంది ఇనెస్.

"ఎవరి స్థలంలోనైనా?"

"ఎవరి స్థలంలోనైనా."

మర్నాడు పొద్దున్నే ఆయన సంఘంలో సభ్యుడిగా చేరారు. ఊళ్లో ఆయనతో సమానంగా ఇళ్లు కట్టే హాలిస్ క్రేన్ అనే ఇంకొకాయన ఉన్నాడు. స్టాలింగ్స్ గారు తెల్లారకుండా లేచి, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, క్రేన్ స్థలాలన్నీ మోకాళ్ల మీద పాకి మరీ వెతికారు. లొరెట్టా ఆరు నెలలు తిరిగి కాపాడింది ఒక్క బొరియ. ఆయన నెలలో పదకొండు కాపాడారు. వెళ్లిన ప్రతి చోటా పిట్టలు నిజంగానే ఉన్నాయి, పిల్లలూ ఉన్నాయి. దేనికీ వంక పెట్టడానికి లేదు. మాటల్లేని ఆ నలుగురు సభ్యులు కూడా ఆ విషయంలో ఒక్కమాట మీదికొచ్చి, ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. వద్దని చెయ్యెత్తింది లొరెట్టా ఒక్కతే.

కొత్త అధ్యక్షుల వారి సేవల గురించి నివేదికలో రెండు ముక్కలు రాయాల్సింది కార్యదర్శే కాబట్టి, ఆమె సరిగ్గా రెండే రాసింది: "గుడ్లగూబలు క్షేమం. మిగతావాళ్ల సంగతి చెప్పలేం."