కోతపండుగకు వెళ్ళిన నీలం బకెట్టు

ఆ శనివారం పొద్దున వినయ్ కుమార్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. గరాజ్‌లో మూలపడి ఉన్న నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టుకు అడుగున చిల్లులు పెట్టాలి. ఖాళీ సోనా మసూరి బియ్యం సంచులు రెండింటిని అంచులు మడిచి కుండీల్లా నిలబెట్టాలి. సిటీవాళ్ళు ఊరికే పంచిపెట్టే కంపోస్టు నింపి, ఆఫీసులో నిశాంత్ ఇచ్చిన మూడు గింజలు నాటాలి. భార్య అబిగేల్ కాస్ట్‌కో స్టోర్ నుంచి వచ్చేలోపు చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు కూర్చుని కాఫీ తాగాలి.

ఆ గింజలు గంజాయివి. వినయ్ దుర్వ్యసనపరుడేమీ కాదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క ముట్టలేదు, సిగరెట్టు పొగ తగిలితే దగ్గుతాడు. అతని బాధల్లా నిద్ర. ఏ వేళ ఫోనొస్తుందో తెలియని ఆన్-కాల్ ఉద్యోగం వల్ల రాత్రంతా కళ్ళు తెరుచుకుని పైకప్పు చూడటం అలవాటైపోయింది. అందుకు నిశాంత్ చెప్పిన చిట్కా గమ్మీ, అంటే గంజాయి కలిపిన తియ్యటి బిళ్ళ. అది పనిచేసింది కానీ, దాని ధర చూశాక ఆ రాత్రి కూడా నిద్ర పట్టలేదు. "బకెట్‌లో వేసుకో బ్రో, బ్యాక్‌యార్డ్‌లో ఎండ ఫ్రీ కదా," అన్నాడు నిశాంత్. ఫ్రీ అన్న మాట వినయ్‌కి చెవిలో వేణువు ఊదినట్టు వినిపించింది. అమెరికాలో శాన్ రామన్ దాటి కాస్త లోపలికి ఉండే వాళ్ళ ఊళ్ళో ఇంటి అవసరానికి గంజాయి పెంచుకోవడానికి అడ్డేమీ లేదు. పోయినేడాదే సిటిజన్‌షిప్ ప్రమాణం చేశాడు కనుక వీసా భయమూ లేదు. చట్టం ఒప్పుకుంది. ఒప్పుకోనిది అతని తల్లి ఒక్కతే. ఆవిడ తెనాలిలో ఉంది.

జులైలో ఆవిడ తెనాలిలో లేదు. ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి వెళ్దామని వచ్చిన విమలకుమారి, జెట్‌లాగ్ తీరకముందే పెరటి తలుపు తీసింది.

"ఏంట్రా ఈ మొక్కలు?"

"గోంగూరమ్మా," అన్నాడు వినయ్.

నోటికొచ్చిన అబద్ధం. ఆకులు వేళ్ళలా చీలి, అంచులు రంపపు పళ్ళలా ఉండటంతో అలా వచ్చేసింది. బంతి అన్నా, బెండ అన్నా గొడవ లేకపోయేది. తెనాలి మనిషికి గోంగూర అని చెప్పకూడదని అతనికి ఆ క్షణంలో తట్టలేదు. ఆవిడ చటుక్కున ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది.

"పులుపేదిరా?"

"అమెరికా గోంగూరమ్మా. మెల్లగా వస్తుంది."

"వాసన కూడా అదోలా ఉంది. పిల్లులేమైనా తిరుగుతున్నాయా?"

ఆ రోజు నుంచి ఆ మూడు మొక్కల బాధ్యత ఆవిడ నెత్తినేసుకుంది. పులుపు రావాలని బియ్యం కడిగిన నీళ్ళు, పుల్ల మజ్జిగ, చివరికి చింతపండు పిసికిన నీళ్ళు కూడా పోసింది. మొక్కలు అవన్నీ తాగి, ఎవరి మీదో కసి ఉన్నట్టు పెరిగాయి. ఒకరోజు ఆవిడ గిన్నె పట్టుకుని, "ఇవాళ పప్పులో నాలుగాకులు వేద్దాం," అంటూ బయల్దేరేసరికి వినయ్ ల్యాప్‌టాప్ వదిలి అడ్డం పడ్డాడు.

"నువ్వు కూర్చోమ్మా! నేను కోసుకొస్తాను."

మీటింగ్ మ్యూట్‌లో పెట్టి, కారేసుకుని ఇండియన్ స్టోర్‌కి పరిగెత్తి, రెండు కట్టలు గోంగూర కొని, పక్కగేటులోంచి లోపలికొచ్చి, పెరట్లోంచి కోసుకొచ్చినట్టు గిన్నెలో పోసి ఇచ్చాడు. తనకేదో తెలివితేటలున్నాయని ఆ పూట గట్టిగా నమ్మాడు. విమలకుమారి పప్పు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"చూశావా! చింతపండు నీళ్ళు పనిచేశాయి!"

ఆదివారం నాటికి ఈ సంగతి చర్చి అంతటికీ తెలిసిపోయింది. అద్దె హాల్లో జరిగే ఆ తెలుగు చర్చిలో ఏ కబురైనా స్త్రీల సమాజం అధ్యక్షురాలు జెనిఫర్ గారికి చెబితే చాలు, వేరే ప్రకటన అక్కర్లేదు. "మా వాడు బియ్యం సంచుల్లో గోంగూర పండిస్తున్నాడండీ," అని విమలకుమారి గర్వంగా చెప్పింది. జెనిఫర్ గారు విమలకుమారి చెవిలో ఏదో అన్నారు. ఆవిడ తలూపింది. వెనకాల సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చునే వినయ్, వాళ్ళిద్దరూ తన వైపు చూసి నవ్వడం గమనించాడు. ఆడవాళ్ళ మాటలు కదా అని వదిలేశాడు.

సెప్టెంబరులో కోతపండుగ వచ్చింది. ఎవరి పెరట్లో పండింది వాళ్ళు ప్రథమ ఫలంగా దేవుని సన్నిధికి తెచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసి, ఆ డబ్బు చర్చికి జమ చేస్తారు. ఆ రోజు వినయ్ మైకులు సర్దడానికి ముందుగా వెళ్ళిపోయాడు. తల్లి, భార్య వెనకాల మినీవాన్‌లో వచ్చారు. కేబుళ్ళు బిగించి తలెత్తేసరికి ముందు బల్ల మీద గుమ్మడికాయలు, ఆనపకాయలు, పొట్లకాయలు కనిపించాయి. వాటి మధ్యలో సెలోఫేన్ కాగితం చుట్టి, ఎర్ర రిబ్బను కట్టిన నీలం బకెట్టు ఒకటి ఉంది. కాగితం లోపలి నుంచి వేళ్ళలా చీలిన పచ్చటి ఆకులు దానికి అతుక్కుని చూస్తున్నాయి.

తన బకెట్టును వినయ్ గుర్తుపట్టాడు. బల్ల వైపు పరిగెత్తాడు. స్త్రీల సమాజం వాళ్ళు నలుగురు దారికి అడ్డంగా నిలబడి పూలు కడుతున్నారు. "ఇప్పుడు ముట్టుకోకూడదు బాబూ, పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేసేశారు," అన్నారు. ఇంక తల్లిని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆవిడ పాటలు పాడే క్వయర్ పక్కన, డ్రమ్ముల మోత మధ్య నిలబడి ఉంది.

"అమ్మా, ఆ మొక్క వేలానికి వద్దు. నిన్న రాత్రే మందు కొట్టాను," అన్నాడు చెవి దగ్గర.

"ఏంటీ?"

"మందు కొట్టాను!"

"వినపడట్లేదురా!"

"నిన్న రాత్రి మందు కొట్టానమ్మా!" అని అరిచాడు వినయ్.

సరిగ్గా అప్పుడే డ్రమ్ములు ఆగాయి. ఆ కేక హాలంతా వినపడింది. ముందు వరసలో ఎవరో "స్తోత్రం" అనబోయి మింగేశారు. విమలకుమారి కొడుకును తలనుంచి కాళ్ళదాకా చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అబిగేల్ చేతిలోని పాటల పుస్తకం కింద పడింది.

"మొక్కకండీ! మొక్కకి కొట్టాను!" అన్నాడు వినయ్ చుట్టూ చూస్తూ.

జెనిఫర్ గారు దగ్గరికొచ్చి భుజం తట్టారు. "మొక్కకి కొట్టావో, మొక్కజొన్నతో చేసింది కొట్టావో దేవుడికి తెలుసు తమ్ముడూ. అమ్మ ముందు ఒప్పుకున్నావు, అది చాలు."

"అది కాదండీ, ఆ మొక్క తింటే..."

"ఆరాధన మొదలవుతోంది, మైక్ ఆన్ చెయ్యి నాయనా," అన్నారు పాస్టర్ గారు. ఆ గొంతులో ఎప్పుడూ లేనంత కరుణ ఉంది.

ప్రసంగం ఏమిటో వినయ్‌కి ఒక్క ముక్క ఎక్కలేదు. ఎవరో ఆ బకెట్టు కొంటారు. పచ్చడి చేస్తారు. నలుగురికీ పెడతారు. ఆ తర్వాత పోలీసులో, ఆంబులెన్సో, రెండూనో వస్తాయి. పిల్లలకు పాఠాలు చెప్పే సండేస్కూల్ టీచరు కూడా ఆ పచ్చడి తిన్నవాళ్ళలో ఉండవచ్చు. ఇంక మిగిలింది ఒకటే దారి: ఎంతైనా సరే, ఆ బకెట్టు తనే పాడుకోవాలి.

వేలం సందడిగా సాగింది. ఆనపకాయ నలభై డాలర్లకు పోయింది. బకెట్టు ఎత్తగానే హాల్లో కలకలం రేగింది. జెనిఫర్ గారు మైకులో, "మన విమలకుమారి గారి చేతి గోంగూర! ఇరవై నుంచి మొదలు!" అన్నారు.

"యాభై!" అని వెనకనుంచి కేక వేశాడు వినయ్.

"అరవై," అన్నారు దైవాశీర్వాదం గారు. రైల్వేలో రిటైరై కూతురి దగ్గర ఉంటున్న పెద్దాయన. గోంగూర కోసం మనవడి పుట్టినరోజు ఆపి ఇండియన్ స్టోర్‌కి వెళ్ళారని పేరు.

రెండు వందల దగ్గర మిగతావాళ్ళు మానుకున్నారు. దైవాశీర్వాదం గారు మానలేదు. కళ్ళు మూసుకుని, ప్రార్థనలో ఉన్నట్టు చెయ్యెత్తి, పది పది పెంచుతూ పోతున్నారు. వినయ్ యాభై పెంచితే ఆయన పది పెంచుతారు. వంద పెంచినా పదే. అబిగేల్ వెనక్కి వచ్చి మిక్సర్ పక్కన నిలబడింది.

"వాటర్ హీటర్ మార్పిద్దాం అంటే నెక్స్ట్ ఇయర్ అన్నారు. గుర్తుందా?" అంది పళ్ళ మధ్య నుంచి.

"తర్వాత చెప్తాను అబీ. ఏడు వందలు!"

"ఏడు వందల పది," అన్నారు దైవాశీర్వాదం గారు ప్రశాంతంగా.

"తొమ్మిది వందలు!" అంటూ కుర్చీ ఎక్కాడు వినయ్.

పెద్దాయన కళ్ళు తెరిచి, కుర్చీ మీద చెమటలు కారుతున్న వినయ్‌ని చూసి, చెయ్యి మెల్లగా దించేశారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. "ఈ రోజు ఒక సహోదరుడు తన బంధకాలు తెంచుకుని కృతజ్ఞత చెల్లించాడు. ఎవరో చెప్పనక్కర్లేదు," అన్నారు పాస్టర్ గారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. విమలకుమారి ఏడుస్తోంది. దుఃఖమో, సంతోషమో ఆవిడకే తెలిసినట్టు లేదు.

ఇంటికి రాగానే వినయ్ బకెట్టు పట్టుకుని పెరట్లోకి నడిచాడు. మిగతా రెండింటినీ కూడా పీకి, ఈ బెడద ఇక్కడితో వదిలించుకోవాలి. కానీ ఉండాల్సిన చోట బియ్యం సంచులు రెండూ ఖాళీగా, శుభ్రంగా మడిచి ఉన్నాయి. అనుమానం వచ్చి సెలోఫేన్ చింపాడు. కాండం ఎర్రగా ఉంది. ఒక ఆకు తుంచి నమిలాడు. పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయి.

"అమ్మా!"

విమలకుమారి గుమ్మంలోకి వచ్చింది. "కోప్పడకురా. దేవుడికిచ్చే ముందు గురువారం ఒకాకు నమిలి చూశాను. మళ్ళీ చప్పగా అయిపోయింది. అలాంటిది ఆయన ముందు ఎలా పెడతాను? అన్నీ పీకి ఆకుల చెత్త వేసే గ్రీన్ బిన్‌లో వేసేశాను. శుక్రవారం పొద్దున లారీవాడు పట్టుకుపోయాడు. పార్కులో పరిచయమైన సుబ్బులు గారిని అడిగితే ఈ మొక్క వేళ్ళతో సహా ఇచ్చారు. నువ్వు వాటిని ప్రాణంగా చూసుకున్నావు కదా, బాధపడతావని చెప్పలేదు."

వినయ్ పెరటి మెట్టు మీద కూలబడ్డాడు. తొమ్మిది వందల డాలర్ల గోంగూర గాలికి మెల్లగా ఊగుతోంది. ఏడవాలో, నవ్వాలో, వాటర్ హీటర్ వాడికి ఫోన్ చెయ్యాలో తెలియలేదు. ఒక్క సంగతి మాత్రం కాస్త ధైర్యమిచ్చింది. అంతా అయిపోయింది. సాక్ష్యం లేదు, ప్రమాదం లేదు, ఎవరికీ ఏమీ తెలియదు.

సాయంత్రం తలుపు కొట్టారు. పాస్టర్ గారు, జెనిఫర్ గారు, వాళ్ళ వెనకాల దైవాశీర్వాదం గారు వచ్చారు. సోఫాలో కూర్చుని, చిన్న ప్రార్థన చేసి, పాస్టర్ గారే మొదలుపెట్టారు.

"వినయ్ బాబూ, ఎంతకాలంగా ఈ అలవాటు?"

"అయ్యగారూ, మీరంతా పొరపడ్డారు," అన్నాడు వినయ్, వీలైనంత నెమ్మదిగా. "నేను కొట్టింది పురుగుల మందు. బకెట్టులో మొక్కకి. శనివారం రాత్రి స్ప్రే చేశాను. అందుకే వేలం వద్దన్నాను."

పాస్టర్ గారి ముఖం విచ్చుకుంది. జెనిఫర్ గారు కొంచెం నిరాశపడ్డారు.

"ఏ మొక్కకిరా?" అంది విమలకుమారి వంటింట్లోంచి. "శుక్రవారం నుంచి ఆ బకెట్టు నా గదిలో కిటికీ దగ్గరే కదా ఉంది. రిబ్బను కట్టి, తలుపేసుకుని పడుకున్నాను. నువ్వెప్పుడొచ్చావు?"

పాస్టర్ గారి ముఖం మళ్ళీ ముడుచుకుంది. అబిగేల్ చేతులు కట్టుకుని, గోడకానుకుని, భర్తనే చూస్తోంది. "శనివారం రాత్రి మీరు పెరట్లోకి కూడా వెళ్ళలేదు," అంది. "మరి ఎక్కడ కొట్టారు?"

వినయ్ నోరు తెరిచాడు. తెరిచిన నోటికి రెండే మాటలు అందుబాటులో ఉన్నాయి. అందులో నిజం చెబితే అమ్మ ఈ వేసవంతా చింతపండు నీళ్ళు పోసి పెంచిందేమిటో చెప్పాలి. ఆకు నమిలింది ఎన్నిసార్లో ఆవిడే లెక్కపెట్టుకుంటుంది. జెనిఫర్ గారు పక్కనే కూర్చుని వింటారు. దైవాశీర్వాదం గారు అప్పటికే తలవంచుకుని ఆమెన్ అనడానికి సిద్ధంగా ఉన్నారు.

"తప్పయిపోయింది అయ్యగారూ," అన్నాడు వినయ్. "ఇంక తాగను."

పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క ముట్టని వినయ్ కుమార్, మరుసటి ఆదివారం మైకు తనే సరిచేసుకుని, తాగుడు ఎలా మానేశాడో పావుగంట సాక్ష్యం చెప్పాడు. చాలా బాగా చెప్పాడని అందరూ అన్నారు.