గట్టిమేళం ఆగితే చాలు

ఆ ఆదివారం ఉదయం చిన్మయి వేసుకున్న ప్లాను చిన్నదే: ఎవరికీ తెలియకుండా అమ్మకి పెళ్లి చేసెయ్యాలి.

అమ్మ కృష్ణకుమారి బెంగాల్‌లోని రేవు పేట ఏక్‌బాల్‌పూర్‌లో కుట్టుపని నేర్పుతుంది. పెళ్లికొడుకు పోలిరాజు రేవులో క్రేను నడుపుతాడు. ఇద్దరూ ఎప్పుడో తోడు పోగొట్టుకున్నవాళ్లు. అమ్మ ఒప్పుకున్నది ఒక్క షరతు మీద. "తాళి పడ్డాకే ఈధిలో సెప్పు. ఈ వయసులో పీటల మీద నన్ను సూసి ఎవులైనా నవ్వితే లేచి ఎల్లిపోతాను."

ఇరువైపుల చుట్టం, ఫొటోలు తీసే మనిషి అన్నీ తనే కావడంతో, కబురు చెప్పే పని చిన్మయి ల్యాప్‌టాప్‌కి అప్పగించింది. మేళగాళ్లు లేరు, గట్టిమేళం రికార్డింగే. అది ముగియగానే ప్లేయర్ లోలోపల 'అయింది' అని ఒక సందేశం పంపుతుంది. చిన్మయి ప్రోగ్రాం దాన్ని కొక్కెం వేసి పట్టుకుని, వీధి వాట్సాప్ గ్రూపులో "అమ్మ పెళ్లి అయింది, ఖిదిర్‌పూర్ హాలుకి భోజనాలకి రండి" అని పెట్టేస్తుంది. మధ్యలో ఆపినా ప్లేయర్ అదే సందేశం పంపుతుందనీ, పూర్తయిందా, ఆపేశారా అన్నది పక్కనున్న అంకె చూసి తేల్చుకోవాలనీ ఆమె కాలేజీలో చదివింది. పరీక్ష కోసం చదివింది కాబట్టి పరీక్షతోనే మరిచిపోయింది.

పురోహితుడు రఘురాం సౌండు సరిపోతుందో లేదో చూద్దామని పాట పెట్టి, ఆపాడు. మెసేజ్ వెళ్లిపోయింది. పెళ్లికూతురు ఇంకా జడలో పూలు పెట్టించుకుంటోంది.

పాట బాగుందని ఆయన మళ్లీ పెట్టాడు. అంతలో శుభాకాంక్షల కాల్ ఒకటి ల్యాప్‌టాప్‌లోనే మోగి పాటను ఆపేసింది. పాట ఆగింది కాబట్టి ఇంకో మెసేజ్ వెళ్లింది. కాల్ అయిపోగానే పాట దానంతటదే మొదలైంది. కొత్త మెసేజ్ చూసి ఇంకొకరు కాల్ చేశారు. చిన్మయి పూలు వదిలేసి పరిగెత్తుకొచ్చి ల్యాప్‌టాప్ మూసేసరికి, గ్రూపు లెక్కలో కృష్ణకుమారికి చాలా పెళ్లిళ్లు అయిపోయాయి.

ముహూర్తానికి వధూవరులు పీటల మీద కూర్చున్నారో లేదో, వీధి మొత్తం దిగింది. రేవు నుంచి డ్యూటీ బట్టల్లోనే కొందరు, వాళ్ల వెనక శంఖంతో, అందరూ బౌదీ అని పిలిచే పక్కింటి బెంగాలీ వదిన, అందరికన్నా ముందు వీధికి పెద్దదిక్కు సన్యాసమ్మ. అయిపోయిన పెళ్లి ఇంకా అవుతుంటే చూసి ఎవరో ఫక్కున నవ్వారు.

కృష్ణకుమారి లేచి నిలబడింది. ఏం చెయ్యాలో తెలియక పోలిరాజు కూడా లేచాడు.

"నా తప్పే అమ్మా. పాట అయిపోతే మెసేజ్ పోవాలని రాశాను, ఆగినా పోయింది," అంది చిన్మయి.

సన్యాసమ్మ పెళ్లికూతురి చెయ్యి పట్టుకుంది. "మాకు సెప్పకుండా పెళ్లేటే కిష్ణా? నవ్వుతామనా? నవ్వుతాం. పెళ్లికొచ్చి ఏడుత్తారేటి?"

కృష్ణకుమారి కదల్లేదు. పోలిరాజు నెమ్మదిగా అన్నాడు. "మీరు ఎల్లిపోతానంటే నాను ఆపను. ఉంటానంటే మాత్రం బేగి కూకోండి. నా మోకాళ్లు ఇంకోపాలి లేవవు."

ఆమె కూర్చుంది.

ల్యాప్‌టాప్ ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పురోహితుడు గట్టిమేళం అనగానే రేవు వాళ్లు అన్నం పళ్లేలు వాయించారు, బౌదీ శంఖం ఊదింది, ఆడవాళ్లు నోటికొచ్చిన పాట ఎత్తుకున్నారు. ఆ గోలలో తాళి పడింది. అందరికన్నా ముందు నవ్వింది పెళ్లికూతురే.

డ్యూటీలో ఉండి రాలేనివాళ్ల కోసం చిన్మయి ఈసారి తన చేత్తోనే గ్రూపులో పెట్టింది, పెళ్లి ఇప్పుడే అయిందని.

ఒక్కరూ నమ్మలేదు.